కోఫా కొండల్లో నీళ్ళ తొట్టి

తెల్లవారుజామున నాలుగింటికి చాండ్లర్‌లో తమ్ముడి ఇంటి నుంచి బయలుదేరాం. మే నెలాఖరు. ఫీనిక్స్ దాటి పడమటికి రెండు గంటలు పోయాక క్వార్ట్‌సైట్ వచ్చింది. చలికాలంలో బళ్ళ మీద కాపురాలు తెచ్చుకునేవాళ్ళతో కిటకిటలాడే ఊరట. మేం చూసినప్పుడు వీధిలో ఒక్క మనిషి లేడు. పెట్రోలు బంకులోని పెద్దాయన మా దారి అడిగి తెలుసుకుని, "నీళ్ళ దగ్గర జాగ్రత్త. సింహాలు అక్కడే పొంచి ఉంటాయి. గొర్రె తాగడానికి తల వంచగానే పట్టేస్తాయి" అన్నాడు.

ఆయన సింహమన్నది ప్యూమాని. జూలు ఉండదు, గర్జన లేదు. ఒంటరిగా తిరిగే పెద్ద పిల్లి.

దక్షిణంగా ముప్ఫై కిలోమీటర్లు పోయి ఎడమకు, గులకరాళ్ళ బాట పట్టాం. అరిజోనాలోని ఈ కోఫా అభయారణ్యం ఆరున్నర లక్షల ఎకరాల పైచిలుకు. వంపు కొమ్ముల కొండగొర్రె, అదే బిగ్‌హార్న్, కోసం 1939లో ఏర్పాటు చేశారు. 'కింగ్ ఆఫ్ అరిజోనా' అనే పాత బంగారు గని పేరును కుదిస్తే కోఫా అయింది. ఏడు గంటలకే ఎండ కళ్ళలో పొడిచింది.

మేం చూడ్డానికి వచ్చిన నీళ్ళ తొట్టి ఎండిన వాగు పక్కన ఉంది. వాన పడ్డ రోజు వాగులో వచ్చే నీటిని చిన్న అడ్డుకట్టతో ఆపి, గొట్టాల ద్వారా భూమిలో పూడ్చిన ట్యాంకులోకి పంపుతారు. అక్కడి నుంచి సిమెంటు తొట్టిలోకి ఊరుతుంది. తొట్టికి ఒకవైపు ఏటవాలు ఉంది, దిగిన చిన్న ప్రాణి మళ్ళీ ఎక్కి రావడానికి. వానలు ముఖం చాటేస్తే నీళ్ళు మోసుకొచ్చి పోస్తారు. నల్లమలలో వేసవిలో ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్లు, అవే లోతులేని నీటి తొట్లు, గుర్తొచ్చాయి. దాహం తీర్చాలన్న తపన అక్కడా ఇక్కడా ఒకటే.

మేం వెళ్ళేసరికి తేనెటీగలు, నాలుగు పావురాలు ఉన్నాయి. అంతే. ఇనప కమ్మీకి బిగించిన కెమెరా పెట్టె మమ్మల్నీ ఫొటో తీసే ఉంటుంది.

నీళ్ళకు పావుమైలు లోపల మకాం వేయకూడదు. అందుకని ఎక్కువసేపు నిలబడలేదు. తిరిగొస్తూ బాట మలుపులో ఒకాయనతో మాట కలిసింది. కొన్నేళ్ళు ఈ తొట్లకు స్వచ్ఛందంగా నీళ్ళు మోశానన్నాడు. బంకాయన మాట చెప్పాను. "ఫొటోల్లో సింహం తాగుతూ చాలాసార్లు కనబడింది. చంపుతూ కనబడిన ఫొటో నేనైతే చూడలేదు" అన్నాడు.

ఆయన మాటతో ఒకటి తేటపడింది. కెమెరా చెప్పేది తాగిన సంగతే. వేట సంగతి కాలర్ చెబుతుంది. ప్యూమా మెడకు తొడిగిన జీపీఎస్ కాలర్ ఒకేచోట గంటల తరబడి ఆగిందని చూపిస్తే, మనుషులు అక్కడికి నడిచివెళ్ళి ఎముకలు వెతుకుతారు. అది గొర్రో, మ్యూల్ డీర్ జింకో అప్పుడు తేలుతుంది.

ఈ వెతుకులాట ఊరికే మొదలవలేదు. 2000లో ఎనిమిది వందల దాకా ఉన్న గొర్రెలు 2006 నాటికి నాలుగు వందల లోపుకు పడిపోయాయి. కరువన్నారు, ప్యూమా అన్నారు. నీళ్ళు పెట్టబట్టే సింహాలు ఇక్కడ నిలదొక్కుకున్నాయని కొందరు, నీళ్ళు లేకపోతే గొర్రెలే మిగలవని కొందరు. గొర్రెల్ని పదేపదే చంపిన ప్యూమాలను చంపేసిన కాలమూ ఉంది. గొర్రె కోసం పోసిన నీళ్ళే ప్యూమాకూ దాహం తీర్చాయి. ఆ ముక్క నన్ను దారంతా బాధపెట్టింది.

అంతకుముందు తొట్టి దగ్గర ఉన్నప్పుడే, దాని అంచున తడి ఆరిన మట్టిలో కొన్ని అడుగులు కనబడ్డాయి. చాలావాటికి గోళ్ళ గుర్తులున్నాయి, కొయోటీ అనే అడవి కుక్కలవై ఉంటాయి. ఒక్కటి మాత్రం గుండ్రంగా, పిల్లి అడుగులా గోళ్ళు లేకుండా ఉంది. ఫోనులో తీసుకున్నాను. "నీళ్ళు తాగు అక్కా, ముఖం ఎర్రబడింది" అని తమ్ముడు తొందరపెట్టాడు.

తిరుగు దారిలో బంకు దగ్గర ఆగాం. పెద్దాయన ఫొటో పెద్దది చేసి చూసి, "చెప్పానా!" అన్నాడు. పక్కన డీజిలు పోయించుకుంటున్న వేటగాడు కూడా వంగి చూశాడు. కుక్కదే, గాలికి అంచులు చెదిరాయి అన్నాడు.

రాత్రి ఇంట్లో మళ్ళీ చూశాను. కొలతకు పక్కన ఏమీ పెట్టకుండా తీశాను.