చెవితో చదివే పాఠం

పిల్లలూ! మీలో పాఠం విన్నవారెవరైనా వున్నారా? "రోజూ బడిలో వింటూనే వున్నాం గదా!" అంటారు మీరు. నేనడిగేది అది కాదు. పంతులుగారు యెదురుగా లేకుండా, నల్లబల్ల లేకుండా, పుస్తకం మూసిపెట్టి, వట్టి చెవులతో విన్న పాఠం సంగతి.

అట్లాంటి దానిని ఈ రోజుల్లో పాడ్‌కాస్ట్ అంటున్నారు. ఈ పేరు పుట్టుక చిత్రమైనది. 2001లో ఐపాడ్ అని, జేబులో పట్టే పాటల పెట్టె ఒకటి వచ్చింది. రేడియో ప్రసారాన్ని ఇంగ్లీషులో బ్రాడ్‌కాస్ట్ అంటారు. 2004లో లండన్ నుంచి వచ్చే గార్డియన్ పత్రికలో బెన్ హామర్‌స్లీ అనే విలేఖరి ఈ రెండు మాటలనూ అతికి కొత్తమాట చేశాడు. పాపం, ఆ పెట్టె తయారీ 2022లో ఆగిపోయింది. పేరు మాత్రం మిగిలింది!

చెవితో చదువు చెప్పడం కొత్త కాదు. ఇంగ్లండులో బి.బి.సి. వారు 1924లోనే బడిపిల్లల కోసం రేడియో పాఠాలు మొదలుపెట్టారు. మన తెలుగుపిల్లలకు మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు "రేడియో అన్నయ్య", "రేడియో అక్కయ్య" అయిపోయారు. 1945లో "బాల" పత్రిక పెట్టినది కూడా వారే. ఆ తరవాత చాలా యేళ్ళకు ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక పాఠశాలల్లో "విందాం-నేర్చుకుందాం" అనే రేడియో పాఠాలు వినిపించారు. ఐతే రేడియో మనకోసం ఆగదు. మీరు మంచినీళ్ళు తాగి వచ్చేలోపల సగం పాఠం వెళ్ళిపోతుంది. పాడ్‌కాస్ట్ అలా కాదు. ఆపమంటే ఆగుతుంది, మళ్ళీ చెప్పమంటే విసుక్కోకుండా చెబుతుంది. (నేను సైన్సు పంతుల్ని. నాకీ వోర్పు లేదని మా పిల్లలే అంటారు.)

అన్ని పాఠాలూ ఇలా చెప్పవచ్చునా అంటే, చెప్పరాదనే నా అభిప్రాయం. త్రిభుజాన్ని చెవితో చూడలేము. పటంలో గోదావరి యెటు వంపు తిరిగిందో వేలుపెట్టి చూపవలసిందే. ఇంకొక మాట: వినడంకన్న, అలాంటి పాఠాన్ని తయారుచేయడంలోనే చదువు యెక్కువగా వస్తుంది. అదెలాగో చెబుతాను.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లెటూరి బడి. కిందటి సంవత్సరం వేసవి ముందర మా ఏడవ తరగతి పిల్లలు "కుండలో నీళ్ళు యెందుకు చల్లబడతాయి?" అని అయిదు నిమిషాల పాఠం చేయబూనుకొన్నారు. కావలసినదల్లా ఒక సెల్‌ఫోను. సెకనుకు 8 కిలోబైట్ల లెక్కన దాచితే అయిదు నిమిషాల మాటలు సుమారు రెండున్నర మెగాబైట్లలో ఇమిడిపోతాయి. తరగతిగదిలో మాట్లాడితే మాట గోడలకు తగిలి తిరిగి వచ్చి గింగురుమన్నది. చివరకు మధ్యాహ్న భోజనం బియ్యం దాచే గదిలో, బస్తాల నడుమ కూర్చున్నారు. బస్తాలు ధ్వనిని పీల్చుకొన్నాయి, గింగురు పోయింది. ఫోను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టారు. యెదురుగా పెడితే "ఫ", "భ" అన్నప్పుడల్లా వూపిరి తగిలి ఫట్టుమంటున్నది.

ముందు ఇద్దరు పిల్లలు పాఠ్యపుస్తకం దగ్గర పెట్టుకొని చక్కగా వ్రాసుకొని వచ్చారు: "సచ్ఛిద్రమైన పాత్ర ఉపరితలమునుండి జలము బాష్పీభవనము చెందుటవలన..." అని. బియ్యం కొలవడానికి వచ్చిన వంటమ్మ అది విని, "ఇదేం మంత్రం నాయనా?" అన్నది. చదివినవాళ్ళను అర్థం చెప్పమంటే వాళ్ళూ చెప్పలేకపోయారు. పుస్తకంలోనైతే అర్థం కాని వాక్యాన్ని వెనక్కు పోయి మళ్ళీ చదువుతాం. చెవికి ఆ సదుపాయం తక్కువ. మాట చెవిన పడుతుండగానే అర్థం కావాలి. అందుకని చెప్పేవాడికి ముందుగా బాగా తెలిసి వుండాలి.

ఆ తరగతిలో ఒక కుర్రవాడున్నాడు. చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కొంటాడు. ముగ్గురు నలుగురు కిసుక్కున నవ్వుతారు. వాడు కూర్చుండిపోతాడు. ఏడేళ్ళుగా ఇదే వరస. వాడు సాయంత్రాలు కుమ్మరి తాత ఇంటిదగ్గర కాలక్షేపం చేసేవాడు. ఆ రోజు వాడు వంటమ్మతో అన్నాడు గదా: "కుండకు కంటికి కనిపించని సన్నని చిల్లులుంటాయి. వాటిలోంచి కుండకు చెమట పడుతుంది. ఆ చెమట ఆరిపోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. తాత మట్టిలో సన్న ఇసుక కలుపుతాడు, చెమట బాగా పట్టాలని. కుండ పాతబడితే నీళ్ళలోని వుప్పు చేరి చిల్లులు పూడిపోతాయి. చెమట పట్టదు, నీళ్ళు చల్లబడవు."

వంటమ్మ బియ్యం కొలవడం మానేసి విన్నది. నేను చేర్చినది ఒక్క లెక్కే: ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి, అంటే ఒక్క గ్రాము చెమట ఆరితే 580 గ్రాముల నీరు ఒక డిగ్రీ చల్లబడుతుంది.

పాఠం వాడే చెప్పాలని తరగతి అంతా అన్నది. చెప్పాడు. తీరా ఫోనులో వినిపిస్తే వాడి ముఖం పాలిపోయింది. "ఇది నా గొంతు కాదండీ, తుడిచెయ్యండి" అన్నాడు.

మీరు కూడా మీ గొంతు విని ఇలాగే అనుకొని వుంటారు. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి గాలిలోంచి చెవికి. రెండవది పుర్రె యెముకల గుండా తిన్నగా లోపలిచెవికి. యెముకలు మంద్రస్వరాలను బాగా మోస్తాయి గనుక మన గొంతు మనకు గంభీరంగా వినబడుతుంది. ఫోనుకు యెముకల దారి లేదు. దానికి వినిపించేదే లోకానికీ వినిపించేది. ఈ సంగతి చెప్పి, తుడిచేదీ వుంచేదీ వాడికే వదిలేశాను. వాడు బస్తాల గదిలో ఒంటరిగా మూడుసార్లు విన్నాడు. తరవాత బయటికి వచ్చి, "'చిల్లులు' అన్నచోట తడబడ్డాను. ఆ ఒక్కటీ మళ్ళీ చెబుతాను" అన్నాడు.

పిల్లల పేర్లు, వూరిపేరు లేకుండానే ఆ పాఠాన్ని మరికొన్ని బళ్ళకు పంపాము. పదిరోజులకు బందరు దగ్గరి బడి నుంచి ఒక ఆడపిల్ల గొంతుతో జవాబు వచ్చింది: "మేమూ కొత్తకుండే కొన్నాం. నీళ్ళు మీరు చెప్పినంత చల్లగా లేవు. మీ పాఠం తప్పేమో!"

మా తరగతిలో కలవరం పుట్టింది. పాఠాన్ని వెనక్కు తీసుకొందామన్నారు కొందరు. ఆ పిల్లకు కోపంగా సమాధానం చెబుదామన్నారు మరికొందరు. తోటి ఉపాధ్యాయుడొకాయన, "పరీక్షల ముందు ఇవన్నీ యెందుకండీ?" అన్నాడు. మన కుర్రవాడు మాత్రం రెండురోజులు ఆలోచించి, ఒక ప్రశ్న పంపించమన్నాడు: "అక్కా, మీ వూళ్ళో వుతికిన బట్టలు యెంతసేపటికి ఆరతాయి?"

ఆ ప్రశ్నలోనే జవాబున్నదని మీరు గ్రహించే వుంటారు. బందరు సముద్రతీరం. అక్కడి గాలిలో అప్పటికే తేమ యెక్కువ. అందుచేత బట్టలు నెమ్మదిగా ఆరతాయి, కుండ చెమటా నెమ్మదిగానే ఆరుతుంది. మా అనంతపురం గాలి పొడిగాలి. ఇక్కడ కుండ చెమట ఇట్టే ఆవిరైపోతుంది. పాఠం తప్పు కాదు. ఐతే సగమే చెప్పామన్నమాట. మిగతా సగం ఆ పిల్ల ప్రశ్న వల్ల బయటపడింది. పుస్తకంలో ఆ పాఠాన్ని నేను చాలా యేళ్ళు చెప్పాను. నన్నీ ప్రశ్న యెవరూ అడగలేదు.

రెండో పాఠం రెండు బళ్ళూ కలిసి చేయాలని నిశ్చయమైంది. ఏప్రిల్ మొదటివారంలో, ఒంటిపూట బడి వదిలే ముందు, రోజూ పన్నెండు గంటలకు రెండు వూళ్ళలోనూ కుండలోని నీటి వేడిమి, బయటి గాలి వేడిమి కొలవాలి. ఆ అంకెలను పైకి చదివి ఫోనులోకి యెక్కించాలి. మా తరగతిలో ధర్మామీటరు యెవరు చదవాలని అడిగితే, ఆ కుర్రవాడు అందరికన్న ముందు లేచి నిలబడ్డాడు.