భూతకథా పఠనము

భయమనిన దూరముగ పారిపోవుట మానవ సహజము. అయినను పుస్తకమునందలి భయమునకై నిద్ర మానుకొని, దీపము నెదుట కూర్చుండువారు పెక్కుమంది గలరు. వారిలో నేనొకడను.

మాది తనకల్లు. కదిరి నుండి మదనపల్లెకు పోవు బాటపై నున్నది. ఊరిచుట్టు వేరుసెనగ చేలును, వాని గట్లపై చింతచెట్లును గలవు. ఆ చెట్లపై దయ్యములుండునని మా యవ్వ చెప్పెడిది. ఆమెకు చదువు రాదు. 1947వ సంవత్సరమున మద్రాసులో ప్రారంభమైన చందమామ పత్రికను నేను చదువుచుండగా, ఆమె వినుచుండెడిది. విక్రమార్కుడు శవమును భుజమున వేసికొనినంతనే మా యిరువురకును ఒడలు జలదరించెడిది.

ఆ బేతాళ కథలు మిక్కిలి ప్రాచీనములు. 11వ శతాబ్దమున కాశ్మీర కవి సోమదేవుడు వానిని కథాసరిత్సాగరమున చేర్చెను. 1870లో రిచర్డు బర్టన్ కొన్నింటిని ఆంగ్లమున వ్రాసి, బేతాళునకు వాంపైరని పేరిడెను. 1897లో ఐర్లండు రచయిత బ్రామ్ స్టోకర్ వ్రాసిన డ్రాక్యులా యనువాడు నిజముగ రక్తపాయి. మన బేతాళుడు రక్తమునకు మారుగా న్యాయము నడుగును. తెలిసియు చెప్పకున్న తల పగులును. చెప్పిన మౌనభంగమై శవము తిరిగి చెట్టెక్కును.

ఉన్నత పాఠశాలలో చేరిన పిదప నాకు బేతాళుడు చాలలేదు. ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికముగ వచ్చి, తెలుగునాట నెల్లర నూపిన యండమూరి వీరేంద్రనాథ్ నవల తులసిదళమును కదిరిలో నద్దెకు తెచ్చుకొంటిని. తులసి యను పసిపిల్లపై జరిగిన క్షుద్రప్రయోగమే దాని కథ. ఆ రాత్రి పెరటిలోనికి పోవుటకు సైతము ధైర్యము చాలక, అవ్వను లేపితిని. ఆ భయమెంత మధురముగ నుండెనో చెప్పజాలను.

ఆ నెలలోనే మా వీధిలో నొక బిడ్డకు విడువని జ్వరము వచ్చెను. వారి గడపకడ కుంకుమ పూసిన నిమ్మకాయ యొకటి కనబడెను. వీధి చివర నొంటిగా నుండు నొక ముసలియామెపై కొందరి కనుమానము కలిగెను. నేను చదువరినను గర్వముతో, “ఇవన్నియు చేతబడి లక్షణములే, పుస్తకములో నున్నవి” యని చెప్పితిని. అచ్చులోని మాట యగుటచే అందరును నమ్మిరి. మరునాడు బోరింగు వద్ద ఆమె బిందెను దూరముగ త్రోసివేసిరి.

సంగతి యెరిగి అవ్వ నా చేయి పట్టుకొని పోయి, ఆ బిందెను నాచేత నింపించి, ఆమె యింటికి మోయించినది. ఆ ముసలియామె నన్ను చూచి యొక్క మాటయు అనలేదు. తిరిగి వచ్చునప్పుడు అవ్వ, “ఒరే, తెలిసీ చెప్పకపోతే తల పగులునంటివి గదరా! తెలియకుండా చెప్పినవాని తల యేమి కావలెను?” అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. బిడ్డను ఆసుపత్రికి గొనిపోగా, అది మలేరియా యని తేలి, మందులతో నయమయ్యెను. కాని ఆ ముసలియామె వాకిటికి పొరుగువారు మరల వచ్చుటకు చాల దినములు పట్టెను.

నేను భూతకథలు చదువుట మానలేదు. నేటి బాలబాలికలు 2005లో వెలువడిన ట్విలైట్ వంటి నవలలు చదువుచున్నారు. తల్లిదండ్రులారా, వానిని లాగికొనవలదు. చదివినది మీకును చెప్పుమనుడు. విద్యార్థులారా, తనివితీర చదువుడు, భయపడుడు. కాని పుస్తకము మూయునప్పుడు దయ్యమును అందులోనే యుంచి మూయుడు. అది వీధిలోనికి వచ్చిన, దిక్కులేని వారి నెత్తినే యెక్కును.