తాళం వేసిన ఊరు

మా నాయనమ్మ బొడ్లో ఎప్పుడూ ఒక తాళంచెవి ఉండేది. నా చిన్నతనంలో, అరవైల నాటి చీరాలలో, మా ఇంటికి తాళం వేసే పనే పడేది కాదు. పగలంతా మగ్గం ఆడుతూనే ఉండేది, అరుగు మీద ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. పక్కన కూర్చుని కండెలు చుడుతూ "ఈ చెవి దేనిదే?" అని అడిగితే, "ఊరికేసిన తాళానిదిరా" అనేది.

1921 నాటికి ఆవిడకి ఏడేళ్ళు. అప్పటికే చీరాల, పేరాలలను కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. నేతపనివాళ్ళూ చిన్న రైతులూ కూలీలూ ఉన్న ఊళ్ళ నెత్తిన కొత్త పన్నుల మూట పడింది. మాకీ మునిసిపాలిటీ వద్దని అర్జీలు పెట్టుకున్నా ఆలకించలేదు. పన్ను కట్టబోమన్నవాళ్ళను జైలుకు పంపారు. అప్పుడు ముందుకొచ్చినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు. ఎడింబరోలో చదివొచ్చి, రామదండు కట్టి జనంలో నిలబడ్డ మనిషి. ఏప్రిల్‌లో గాంధీ గారు చీరాల వచ్చి రెండు దారులు చూపించారు: పన్ను కట్టకుండా, చెయ్యెత్తకుండా శిక్ష భరించడం ఒకటి, ఊరు ఖాళీ చేసి పోవడం రెండోది. జనం రెండోది పట్టుకున్నారు. హద్దు దాటినవాడిని మునిసిపాలిటీ ఏమని అడుగుతుంది?

పదిహేను వేల జనాభాలో సుమారు 13 వేల మంది మండే ఎండల్లో బయల్దేరారు. "మా నాయన తాళం వేస్తుంటే అడిగాను, దొంగలు కూడా మనతోనే వస్తున్నారు కదా, తాళం ఎవరికని. నవ్వి, చెవి నా చేతిలో పెట్టాడు" అని చెప్పి తనూ నవ్వేది.

ఊరవతల పాకలు లేచాయి. దానికి రామనగరమని పేరు పెట్టుకున్నారు. తగువులు తీర్చడానికి పంచాయతీ కూడా పెట్టుకున్నారు. నాయనమ్మ చెప్పే రామనగరంలో మాత్రం ఉపన్యాసాలు ఉండవు, గుంట మగ్గం ఉంటుంది. పడుగూ అచ్చూ నాడెలూ బండిలో వచ్చాయి కానీ గుంట రాదుగా! ఇసుక నేలలో ఎంత తవ్వినా అంచులు జారిపోయేవట. బంకమట్టి తెచ్చి మెత్తారు. వాన పడగానే గుంట నిండేది. ముత్తాత నీళ్ళు తోడి, తడి ఆరకుండానే కాళ్ళు దించి కూర్చునేవాడట. ఏడేళ్ళ పిల్లకి స్వరాజ్యమంటే చెంబుతో గుంటలో నీళ్ళు తోడడం.

బడిలో అల్లూరి కథ విని వచ్చిన నాకు ఇదేం పోరాటమో అర్థమయ్యేది కాదు. తుపాకీ లేదు, విల్లు లేదు, పారిపోయిన దొర లేడు. గోపాలకృష్ణయ్య గారిని బరంపురంలో పట్టుకుని ఏడాది జైలు వేశారు. చేతిలో డబ్బు ఆడలేదు. పదకొండు నెలలు ఓర్చి జనం తిరిగొచ్చేశారు.

"అయితే ఓడిపోయారన్నమాట" అన్నాను ఒకరోజు.

నాయనమ్మకి కోపం రాలేదు. కండె పక్కన పెట్టి చెప్పింది. తిరిగొచ్చాక పాత గుంటలో చెదలు పట్టి ఉందట. ముత్తాత ఒక్క పూటలో శుభ్రం చేసి మగ్గమెక్కాడు. కొన్నాళ్ళకి పన్ను బంట్రోతు వచ్చాడు. ముత్తాత డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. ఎండన పడి వచ్చాడు కదా అని చెంబుతో మంచినీళ్ళూ ఇచ్చాడు. అరుగు మీద కూర్చోమని మాత్రం అనలేదు. మా వీధిలో ఏ ఇంటివాళ్ళూ అనలేదట.

"పాపం, ఎండలో నిలబడే తాగాడురా" అంటూ నాయనమ్మ బొడ్లో చెవిని ఒకసారి తడుముకుని, మళ్ళీ కండె అందుకుంది.