పదకొండు ఫారాలు

2019 ఫిబ్రవరి 27న ఒట్టావాలో, పార్లమెంటు న్యాయ కమిటీ ముందు జోడీ విల్సన్-రేబోల్డ్ దాదాపు నాలుగు గంటలు మాట్లాడింది. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, పొయ్యి కూడా వెలిగించకుండా టీవీ ముందు కూర్చుండిపోయాను. కెనడాకి న్యాయశాఖ మంత్రి అయిన మొదటి ఆదివాసీ ఆమె. ఎస్ఎన్‌సి-లావలిన్ అనే పెద్ద ఇంజనీరింగ్ కంపెనీ లిబియాలో లంచాలిచ్చిందని కేసు నడుస్తోంది. ఆ కేసు కోర్టు విచారణ దాకా పోకుండా జరిమానా ఒప్పందంతో ముగిసేలా చూడమని ప్రధాని కార్యాలయం నుంచి, ఆర్థికమంత్రి కార్యాలయం నుంచి, ప్రభుత్వ ఉన్నతాధికారుల నుంచి సుమారు పదకొండు మంది నెలల తరబడి తన వెంటపడ్డారని ఆమె చెప్పింది. తేదీలతో, ఎవరు ఏమన్నారో రాసిపెట్టుకున్న నోట్సుతో, గొంతు పెంచకుండా చెప్పింది.

పదకొండు మంది అనగానే నాకు చివుక్కుమంది. నా పదకొండు ఫారాలు గుర్తొచ్చాయి.

2014లో సంగతి. నాకు రెండో కాన్పు. టొరంటో పక్క ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మ తెనాలి నుంచి రావాలి. విజిటర్ వీసా తిరస్కరించారు. మా తెలుగువాళ్ళలో కాస్త పలుకుబడి ఉన్న ఒకాయన ఉండేవాడు. అందరం అన్నయ్యగారనే పిలిచేవాళ్ళం. "దానికేముందమ్మా, ఎంపీగారి ఆఫీసులో మనవాళ్ళున్నారు. ఉత్తరం ఇప్పిస్తాను" అన్నాడు. ఉత్తరం వచ్చింది. రెండోసారి పెట్టుకుంటే వీసా కూడా వచ్చింది. అమ్మ వచ్చి ఆరునెలలుండి, పిల్లకి నలుగుపెట్టి స్నానాలు చేయించి వెళ్ళింది. ఆ ఆరునెలల విలువ తల్లి లేకుండా పరాయి దేశంలో పురుడు పోసుకున్నవాళ్ళకి తెలుస్తుంది.

కొన్నాళ్ళకి అన్నయ్యగారు మళ్ళీ ఫోన్ చేశాడు. "ఒక చిన్న సాయమమ్మా."

2015 ఎన్నికలకి పార్లమెంటు స్థానాలు 308 నుంచి 338కి పెరిగాయి. కొత్తవాటిలో పదిహేను ఒంటారియోలోనే. మా చుట్టుపక్కల ఒక కొత్త నియోజకవర్గం ఏర్పడింది. అక్కడ పార్టీ అభ్యర్థిగా ఎంపీగారి మనిషి నిలబడాలనుకుంటున్నాడు. మన దగ్గర టికెట్టంటే అధిష్ఠానం చేతిలోని బీ ఫారం. ఇక్కడ చాలా చోట్ల ఆ ఊరి పార్టీ సభ్యులు ఓటేసి అభ్యర్థిని ఎన్నుకుంటారు. వినడానికి ఎంత బాగుంటుందో! కానీ ఆ ఎన్నిక జరిపేది ఎన్నికల సంఘం కాదు, పార్టీయే. నియమాలూ పార్టీవే. అప్పట్లో పద్నాలుగేళ్ళు నిండితే చాలు, కెనడా పౌరసత్వం కూడా అక్కర్లేదు. అందుకని ఎవరి వెనక ఎక్కువమంది "మనవాళ్ళు" ఉంటే వాళ్ళదే గెలుపు. ఒక పార్టీకి గట్టి పట్టున్న చోట అయితే అసలు ఎన్నిక ఆ హాల్లోనే అయిపోతుంది.

నేను మా బతుకమ్మ బృందంలో ఆడవాళ్ళచేత పదకొండు ఫారాలు నింపించాను. సభ్యత్వ రుసుము మనిషికి పది డాలర్లు. ఎవరిది వాళ్ళే కట్టుకోవాలని నియమం. నూటపది డాలర్లూ అన్నయ్యగారే కవర్లో పెట్టి ఇచ్చాడు. "నా రుసుము నేనే చెల్లించాను" అన్న గీత మీద పదకొండు మంది సంతకాలు పెట్టారు. ఎక్కడ పెట్టాలో నేను వేలుపెట్టి చూపించాను.

ఆయనకి పోటీగా నిలబడింది ఒక స్త్రీ. కరీబియన్ దీవుల నుంచి వచ్చి, హింసకి గురైన స్త్రీలుండే ఆశ్రయంలో ఇరవై ఏళ్ళు పనిచేసినావిడ. మా అపార్టుమెంటుకి కూడా వచ్చింది. మా ఇంట్లో టీ తాగి, పిల్లల సంరక్షణకి మేమెంత కడుతున్నామో అడిగి రాసుకుంది. "చూస్తానండీ" అన్నాను. నేను అప్పటికే ఫారాలు ఇచ్చేశానని ఆమెకి తెలీదు. ఓటింగు రోజున హాల్లో మా గుంపుని చూసి, తనకోసమే వచ్చామనుకుంది కాబోలు, నవ్వుతూ చెయ్యూపింది. కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది.

తిరిగొస్తుంటే కారులో వెనక సీట్లో ఉన్న పిన్నిగారు అడిగింది. "ఎవరికెయ్యాలో చెప్పావు గానీ, ఎందుకెయ్యాలో చెప్పలేదేమ్మాయ్?" ఆవిడ ఊళ్ళో రెండుసార్లు పంచాయతీ వార్డు మెంబరుగా చేసింది. నేను రోడ్డుమీద మంచు ఎక్కువగా ఉందని చెప్పి మాట మార్చాను.

అధికారానికి దగ్గరగా ఉండేవాళ్ళ స్వార్థం గురించి మాట్లాడినప్పుడల్లా మన కళ్ళు పైకే చూస్తాయి. చూడాలి కూడా. 2016 క్రిస్మస్‌కి అప్పటి ప్రధాని జస్టిన్ ట్రూడో కుటుంబంతో బహామాస్‌లో ఆగాఖాన్ దీవికి వెళ్ళాడు. ఆగాఖాన్ తన స్నేహితుడని, స్నేహితుడి ఆతిథ్యం బహుమతి కిందికి రాదని వాదించాడు. నిజంగానే ప్రయోజనాల సంఘర్షణ చట్టం బంధువులు, స్నేహితులు ఇచ్చే బహుమతులకి మినహాయింపునిస్తుంది. నైతిక వ్యవహారాల కమిషనర్ మేరీ డాసన్ 2017 డిసెంబరులో ఆ వాదన తోసిపుచ్చి, ఆయన చట్టాన్ని ఉల్లంఘించాడని తేల్చింది. దానికి జరిమానా ఏమీ లేదు. మరుసటి ఏడాది బహుమతిగా వచ్చిన కళ్ళద్దాల సంగతి గడువులోగా వెల్లడించనందుకు మాత్రం 100 డాలర్లు కట్టాడు.

కెనడాలో పైరవీకారులకి రిజిస్టరుంది. మంత్రులు పదవి దిగాక అయిదేళ్ళపాటు పైరవీ చేయకూడదని చట్టముంది. కానీ స్నేహానికి రిజిస్టరెక్కడ? ఒకే బడులు, ఒకే క్లబ్బులు, తాతల నాటి పరిచయాలు. వాళ్ళ స్నేహాలు ఫోన్ చేసుకునేంత సహజంగా ఉంటాయి. వాళ్ళకది అక్రమమనిపించదు. అన్నయ్యగారి కవరు నాకూ అక్రమమనిపించలేదు.

విల్సన్-రేబోల్డ్ ఆ స్నేహాల లోపల పుట్టిన మనిషి కాదు. 2015లో సగం మంది స్త్రీలతో మంత్రివర్గం ఏర్పడితే ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఆమె అందులో భాగం. ఆమె కుర్చీలో ఉన్నంతకాలం ఆ ఫోటోకి విలువ. "కాదు" అనగానే జట్టుతో కలిసి పనిచేయడం తెలియనిదైంది. 2019 జనవరిలో న్యాయశాఖ నుంచి తప్పించారు. ఏప్రిల్ 2న పార్లమెంటరీ పార్టీ నుంచే వెళ్ళగొట్టారు. ఆమెకి మద్దతుగా మంత్రిపదవి వదులుకున్న డాక్టర్ జేన్ ఫిల్పాట్‌ని కూడా. ట్రూడో తన పదవిని వాడి ఆమె నిర్ణయాన్ని ప్రభావితం చేయడానికి ప్రయత్నించాడని, అది చట్ట ఉల్లంఘన అని ఆ ఆగస్టులో కమిషనర్ మారియో డియోన్ తేల్చాడు. అక్టోబరులో ఆమె వాంకూవర్‌లో స్వతంత్ర అభ్యర్థిగా గెలిచింది. ఫిల్పాట్ ఓడిపోయింది. ప్రధాని ప్రధానిగానే ఉన్నాడు.

ఆ రోజు టీవీలో ఆమె మాట వింటూ నాలో నేను సిగ్గుపడ్డాను. ఆమె మీద అంత అధికారం ఒత్తిడి తెచ్చినా లొంగలేదు. నామీద ఎవరూ ఒత్తిడే తేలేదు. ఒక్క ఫోనుకి ఒప్పేసుకున్నాను. అమ్మ కోసమే కదా అని సర్దిచెప్పుకున్నాను. తమవాళ్ళ కోసం కాకుండా ఎవరు మాత్రం చేస్తారు?

మా పై అంతస్తులో శ్రీలంక తమిళ అమ్మాయి ఉండేది. నాతోపాటే కాన్పు. వాళ్ళమ్మకి రెండుసార్లూ వీసా రాలేదు. సిజేరియన్ అయిన అయిదో రోజున కింద లాండ్రీ గదిలో గోడ పట్టుకుని నిలబడి కనిపించింది. "మీ అమ్మకెలా వచ్చింది?" అని అడిగింది. అదృష్టమన్నాను. ఎంపీ ఆఫీసుకి ఆ నియోజకవర్గంలో ఎవరైనా వెళ్ళి సాయమడగొచ్చు. పార్టీ అక్కర్లేదు, పరిచయం అక్కర్లేదు. అది మామూలు హక్కు. ఆ హక్కుని అన్నయ్యగారు ఉపకారంగా మార్చి నాకిచ్చాడు. నేను రుణంగా తీసుకుని, పదకొండు మంది ఆడవాళ్ళ ఓట్లతో తీర్చాను. ఆ అమ్మాయికి నిజం చెప్పి ఉంటే నా ప్రత్యేకత ఏం మిగిలేది? అందుకే చెప్పలేదు.

విదేశీ జోక్యం మీద విచారణ జరిపిన న్యాయమూర్తి మరీ-జోసే హోగ్ 2024 మే నివేదికలో, పార్టీల అభ్యర్థుల ఎంపిక బయటి దేశాలు జొరబడటానికి వీలైన దారి అని ఎత్తిచూపారు. ఇతర దేశాల సంగతి సరే. ఆ దారిని మనం ఇంటిల్లిపాదీ రోజూ తొక్కుతూనే ఉన్నాం. 2025 ఎన్నికల తర్వాత కూడా పార్లమెంటులో స్త్రీలు మూడోవంతు లేరు. ఆ లెక్కలో నేను ఓడించిన ఒక స్త్రీ కూడా ఉంది.

పిన్నిగారు ఇప్పుడు లేరు. ఆవిడకి జవాబు బాకీ ఉండిపోయాను.

ఈమధ్య గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి, నెలలు నిండుతున్నదే, అడిగింది. "ఆంటీ, ఎంపీ ఆఫీసులో మీకెవరైనా తెలుసా?" ఎవరూ తెలియక్కర్లేదు, అడ్రసిస్తాను వెళ్ళమన్నాను. నమ్మలేదు. "ఊరికే వెళితే చేస్తారా?" అంది. తనతో వెళ్ళాను. తనే లోపలికి వెళ్ళి మాట్లాడింది. నేను బయట కుర్చీలో కూర్చున్నాను.