నొప్పికి కొలత

జ్వరానికి థర్మామీటరు ఉంది. నొప్పికి మాత్రం దాన్ని పడేవారి మాటే కొలత.

పుండు సలుపుతుంది, తల పోటు పెడుతుంది, కాళ్ళు పీకుతాయి, కడుపు మెలిపెడుతుంది. మత్తిగిరి అవ్వకు ఇవన్నీ వేరువేరు బాధలు. జబ్బు ముదిరితే ఇక్కడివారు బెంగళూరు వెళతారు. అక్కడి కిద్వాయి క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది కూడా హోసూరు రోడ్డులోనే. కాని కన్నడమో ఇంగ్లీషో మాట్లాడే వైద్యుని చీటీలో అవి ‘నొప్పి’ అనే ఒక్క మాటగా మిగిలిపోవచ్చు.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ మెల్జాక్ ఇటువంటి మాటలకే విలువ ఇచ్చాడు. 1975లో 78 పదాలతో నొప్పి ప్రశ్నావళిని ప్రకటించాడు.

నేడు మణికట్టుకు గడియారంలా కట్టుకునే సెన్సార్లు వచ్చాయి. అవి చర్మంలోకి వెలుగు పంపి గుండె వేగాన్ని లెక్కిస్తాయి. చెమటను, కదలికను, నిద్రను కనిపెడతాయి. నోట మాట రాని రోగికి ఇది చిన్న మేలు కాదు. అయితే భయపడినా గుండె దడదడలాడుతుంది, ఎండకూ చెమట పడుతుంది. ఏళ్ళ తరబడి నొప్పిని మోసిన దేహంలో నాడి మామూలుగానే ఆడవచ్చు. అంకె బాగుందని మందు తగ్గిస్తే ఆ అవ్వ గతి ఏమిటి?

నరాల మంటకు ఇచ్చే మందు వేరు, పుండు సలుపుకు ఇచ్చేది వేరు. అందుకే తోడు వెళ్ళిన మనవరాలు అవ్వను మళ్ళీ అడుగుతుంది. రాత్రి నిద్ర పట్టిందా, ఎక్కడ మొదలైంది అని విచారించి, వైద్యునితో కన్నడంలో చెబుతుంది: “మంట కాదట డాక్టరుగారూ, సలుపట.”