అమ్మ దాచుకున్న మాత్రలు

మా అమ్మకు మేము నలుగురు పిల్లలము. నలభై ఏండ్లు ఊడ్పులలో, కలుపులలో వంగి పనిచేసిన మనిషి గనుక అరవై దాటేసరికి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ప్రార్థనలో మోకాళ్లూనడం మాని వెనుక బల్లమీద కూర్చునేది. ఊళ్లో మందుల దుకాణంలో ఇచ్చిన నొప్పి మాత్రలు రోజుకు రెండు, పనులున్ననాడు మూడు, పరగడుపున టీతో వేసుకొనేదని మాకు తెలియదు. ఒకనాడు విరేచనం తారువలె నల్లగా అయి, కళ్లు తిరిగి పడిపోయింది. పట్నంలో గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు. అందులోనుండి రక్తం కారుతున్నది. రెండు సీసాల రక్తం ఎక్కించారు.

అప్పుడే తెలిసినవారొకరు, "కడుపుకు హాని చేయని నొప్పి మాత్రలున్నాయట, అవి కొనండి" అన్నారు. మేమూ ఆశపడి డాక్టరుగారిని అడిగాము.

ఉన్నమాట నిజమేనన్నారాయన. వాటిని ప్రోడ్రగ్ అంటారట. పొట్టుతో ఉన్న గింజ నేలలో పడ్డాకనే మొలకెత్తినట్లు, ఆ మాత్ర మింగినప్పుడు మందు కాదు. లోపల కాలేయమో, పేగులలోని సూక్ష్మజీవులో దానిని మార్చాకనే మందవుతుంది. 1940 ప్రాంతంలో స్వీడన్ వైద్యురాలు నానా స్వార్ట్జ్ కీళ్లవాతం కొరకని, సల్ఫా మందును ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టమైన మరొక మందుతో ముడివేయించారు. అదే సల్ఫసలజిన్. పెద్దపేగులోని సూక్ష్మజీవులు ఆ ముడి విప్పుతాయి గనుక పెద్దపేగు పుండ్లకు అది బాగా పనిచేసింది. వాటిని మాన్పుతున్నది ఆ రెండింటిలో ఏ భాగమో 1977లో ఆక్స్‌ఫర్డు వైద్యులు చూపేవరకు తేలలేదు. మందు ముందు, దాని మర్మం తరువాత!

"అయితే మోకాలి సంగతి వేరు" అన్నారాయన. మందు మోకాలికి చేరవలసినది రక్తంలోనే. ఆ రక్తమే కడుపుకూ పోతుంది. నొప్పిని, వాపును పెంచే ప్రొస్టాగ్లాండిన్లే కడుపు లోపొరను కాపాడేవి కూడా. నొప్పి మాత్రలు వాటి తయారీనే ఆపుతాయని ఇంగ్లండులో జాన్ వేన్ 1971లో కనుగొన్నారు. 1982లో నోబెల్ బహుమానం పంచుకున్నారు. సులిండాక్ అనే ప్రోడ్రగ్ మాత్ర కడుపును మూతబడియే దాటుతుంది గాని, తెరుచుకున్నాక రక్తంలో తిరిగి వస్తుంది. అందుకే దానితోనూ పుండ్లు పడ్డాయి. తరువాత కొందరు కడుపు పొరకు మేలుచేసే నైట్రిక్ ఆక్సైడును విడుదలచేసే భాగాన్ని నొప్పి మందుకు జోడించి నాప్రాక్సినాడ్ చేశారు. 2010లో అమెరికా దానికి అనుమతి ఇవ్వలేదు.

మేము ఆశపడిన మాత్ర లేదన్నమాట. పైపూత మందు, లెక్క ప్రకారం పారాసిటమాల్, కడుపులో ఆమ్లం తగ్గించే మాత్ర రాసిచ్చారు. కూర్చుని పని చేసుకోమన్నారు. అమ్మకు అదొక్కటే రుచించలేదు.

ఇంటికి వచ్చాక బియ్యం డబ్బాలో పాత మాత్రల షీట్లు రెండు మా చెల్లికి దొరికాయి. పెంటకుప్పలో పడవేశాము. అమ్మ అడ్డు చెప్పలేదు. మూడవది ఇంకా ఎక్కడో ఉన్నదని మా అనుమానం.