పంజరంలోని అమానతు

మా అమ్మాయి పదేపదే కోరగా, రెండేళ్ళ క్రితం కావలిలోని మా ఇంటికి ఒక చిలుకల జంటను తెచ్చాను. అవి మన తోటల్లో తిరిగే రామచిలుకలు కావు. రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మేము తెచ్చినవి ఆస్ట్రేలియాకు చెందిన చిన్న చిలుకలు, బడ్జీలు. మన ఊళ్ళలో వీటినే ‘లవ్ బర్డ్స్’ అంటారు.

“జత సిద్ధంగా ఉంది, కుండ కట్టండి చాలు” అన్నారు అమ్మినవారు. ఆ మాట నమ్మి, మరునాడే పంజరంలో చిన్న మట్టికుండను వేలాడగట్టాను. వాటి నుదుటి మీది సన్నని చారలు ముక్కు దాకా ఉండటం చూశాను గాని, అది పసితనానికి గుర్తని నాకు తెలియదు. మూడు నాలుగు నెలలు నిండాక ఆ చారలు చెరిగి నుదురు తేటపడుతుంది. ఆపై కొద్దికాలానికే అవి గుడ్లు పెట్టగలవు. కానీ అందుకు ఒళ్ళు గట్టిపడాలంటే ఏడాదైనా నిండాలని అనుభవజ్ఞుల మాట. కొర్రలు, నీళ్ళు తప్ప వాటికి వేరే మేత అవసరమని కూడా నాకు తోచలేదు.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం ఆడపక్షి ఈకలు ఉబ్బించుకొని పంజరం అడుగున కూర్చుంది. చలికేమోననుకొని గుడ్డ కప్పాను. ఫజ్ర్ నమాజుకు లేచి చూసేసరికి ప్రాణం పోయింది. కడుపులో గుడ్డు అడ్డుపడిందని పశువైద్యుడు చెప్పారు. ఒంట్లో సున్నం చాలకపోతే పెంకు గట్టిపడదు, గుడ్డును బయటికి నెట్టే కండరాలకు బలమూ ఉండదు.

“అబ్బా, దానికి మాటలు రావు కదా! నొప్పిగా ఉందని ఎవరితో చెప్పుకుంటుంది?” అని అడిగింది మా అమ్మాయి. నా దగ్గర జవాబు లేదు.

పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురైందని దైవప్రవక్త (స) తెలియజేసిన హదీసును ఎన్నోసార్లు విన్నాను. నేను తిండి పెట్టానుగా అని మనసుకు సర్దిచెప్పుకోబోయాను. కానీ ఆ తిండి దానికి సరిపోతుందో లేదో తెలుసుకోకపోవడం నా తప్పే. అబూ ఉమైర్ అనే బాలుడు తన చిన్న పిట్ట చనిపోయి దిగులుగా ఉంటే, ప్రవక్త (స) అతణ్ణి ఆప్యాయంగా పలకరించారు. ఆ హదీసు ఆధారంగా పక్షులను పెంచుకోవచ్చని పండితులు చెప్పారు. అయితే మేతలో, నీటిలో, సంరక్షణలో లోటు రాకూడదు. అంటే పంజరంలోని ప్రాణి మన ఆస్తి కాదు, మన చేతిలోని అమానతు.

కొంతకాలానికి ఏడాది నిండిన ఆడపక్షిని తెచ్చాం. ఈసారి కుండ తీసి అటక మీద పెట్టాం. తుమ్మలపెంట తీరంలో అలలకు కొట్టుకొచ్చిన సముద్రపు నురుగు బిళ్ళలను ఏరి, మంచినీటిలో నానబెట్టి, ఎండబెట్టి పంజరానికి కట్టాం. పక్షులు వాటిని గీకి తింటే సున్నం అందుతుంది. కొర్రలకు తోడుగా మొలకెత్తిన పెసలు, ములగాకు, కొత్తిమీర పెట్టాం. ఎండాకాలం గడిచి, వానలు వెలిసి, పక్షులు పుష్టిగా కనిపించాకే కుండ కిందికి దిగింది.

రోజు విడిచి రోజు ఐదు గుడ్లు పెట్టింది. ఒక్కో గుడ్డు పొదగడానికి సుమారు 18 రోజులు. అన్నాళ్ళూ కుండలోకి తొంగిచూడకుండా ఉండటమే మాకు అన్నిటికన్నా కష్టమైంది. రమజాన్‌లో ఒకనాడు సహరీ వేళ కుండలోంచి సన్నని కిచకిచ వినిపించింది. మా అమ్మాయి చేతిలోని ముద్దను పళ్ళెంలోనే వదిలి పరుగెత్తింది. ఒక గుడ్డు పగలనే లేదు. అందరికన్నా ఆలస్యంగా వచ్చిన పిల్ల పెద్దవాటి కింద నలిగిపోయింది. మూడు బతికాయి, అల్‌హందులిల్లాహ్.

పక్షులు కూడా మీలాంటి సమూహాలేనని అన్‌ఆమ్ సూరా మనకు తెలుపుతోంది. పిల్లలు ముచ్చటపడి అడిగినప్పుడు పక్షిని కొనేముందు, దాని వయసు, మేత, జబ్బు లక్షణాలు తెలుసుకోవడం తల్లిదండ్రుల బాధ్యత. ఏడాదికి రెండు ఈతలు చాలు, ఆపై కుండ తీసి తల్లిపక్షికి విశ్రాంతినివ్వాలి.

పిల్లలను బంధువులు అడిగారు. ఇచ్చే ముందు మా అమ్మాయి ఒక్కొక్కరికీ ఒక చీటీ రాసిచ్చింది. అందులో అది పుట్టిన తేదీ, దాని కింద మరుసటి ఏడాది అదే తేదీ, పక్కన ‘అప్పటిదాకా కుండ కట్టొద్దు’ అన్న మాట ఉన్నాయి.